పాత స్కూల్ బస్సు పైకప్పు కన్నాలు మూయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రావులపాలెం హైవే పక్కన టిఫిన్ బండి పెట్టాలన్నా, భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున కాపలా గది కావాలన్నా, కడియం నర్సరీలో ఆఫీసు గదిలా వాడుకోవాలన్నా ఇప్పుడు చాలామంది పాత స్కూల్ బస్సు వైపు చూస్తున్నారు. సీట్లు పీకడం, లోపల ప్లైవుడ్ కొట్టడం అందరికీ వచ్చిన పనే. పైకప్పు దగ్గరే పని బోల్తా పడుతుంది. మనది ఏటా రెండు వానాకాలాలు చూసే నేల. జూన్ నుంచి నైరుతి, అక్టోబరు తర్వాత తుపాన్లు. పైన వదిలేసిన ఒక్క స్క్రూ కన్నం కింద వేల రూపాయల చెక్క పనిని చెమ్మ పట్టించేస్తుంది.

సీలెంట్ ట్యూబు ఒకటి కొని కన్నాల చుట్టూ పూసేస్తే సరిపోదా?

సరిపోదు. పైన పూసిన సీలెంట్ ఒక ఎండాకాలం ఓర్చుకుంటుంది, రెండో ఏడు అంచు దగ్గర లేస్తుంది. లేచిన అంచు కిందకి నీరు చేరి, బయటికి పోయే దారి లేక అక్కడే నిలబడి రేకుని తింటుంది. పైకి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం.

పెంకుటిల్లు చూడండి. పెంకుకీ పెంకుకీ మధ్య జిగురేమీ ఉండదు. పై పెంకు కింది పెంకు మీదకి వస్తుంది, వాలు ఉంటుంది, అంతే. బస్సుకీ అదే లెక్క. నీటిని ఆపాల్సింది రేకు, రేకు మీదకి ఎక్కిన రేకు, ఒంపు. రెండు రేకుల మధ్య నలిగి, గాలి చొరబడకుండా ఉండటమే సీలెంట్ పని. ఈ పేజీలో మిగతా జవాబులన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

అసలు పైకప్పులో ఏయే కన్నాలు ఉంటాయి?

అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి. పెద్దవి అందరికీ కనిపిస్తాయి: ఎమర్జెన్సీ హాచ్ (ప్రమాదంలో బయటపడటానికి టాపులో ఉండే మూత), గాలి కోసం పెట్టిన వెంటిలేటర్ మూతలు, ఏసీ బస్సయితే యూనిట్ కూర్చున్న చోటు. కనిపించనివే ఎక్కువ బాధిస్తాయి. ముందూ వెనకా లైట్ల స్క్రూలు, వాటి వైరు దూరిన బెజ్జాలు, లగేజీ క్యారియర్ కాళ్ల బోల్టులు, వెనక నిచ్చెన పై చివర, స్కూలు పేరు బోర్డు బిగించిన స్క్రూలు, ఎప్పుడో తీసేసిన ఏరియల్ కన్నం. లోపలి సీలింగ్ షీటు విప్పేసి, మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ గోనెసంచులతో మూసి, లోపల నిలబడి పైకి చూడండి. చుక్కల్లా వెలుతురు కనిపించిన ప్రతిచోటా సుద్దముక్కతో గీయండి. ఒకరు లోపల ఉండి గోరుతో తట్టి చెబితే, పైన ఇంకొకరు గుర్తు పెట్టాలి.

గుర్తులు పెట్టాక ప్రతి కన్నం గురించీ ఒకటే ప్రశ్న: ఇది నాకు అవసరమా? కాకపోతే మూసేయండి. "ఎప్పుడైనా పనికొస్తుందేమో" అని ఉంచుకున్న వెంటిలేటర్ ఎప్పుడూ పనికి రాదు, ప్రతి వానకీ కారుతుంది.

నా బస్సు టాపు ఇనప రేకా, అల్యూమినియమా? అది ఎందుకు చూడాలి?

అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము (ఎక్కువగా జీఐ, అంటే జింకు పూత ఉన్న ఇనప రేకు), అంటుకోకపోతే అల్యూమినియం. రేకు ఏదైతే అతుకూ అదే కావాలి, రివెట్టు కూడా అదే జాతి కావాలి. రెండు వేరు లోహాలు కలిసిన చోట ఉప్పు గాలి, తేమ తగిలితే అది చిన్న బ్యాటరీలా పనిచేసి బలహీనమైన లోహాన్ని తినేస్తుంది. పెద్ద ఇనప రేకులో చిన్న అల్యూమినియం రివెట్లు కొడితే ముందు పోయేవి ఆ రివెట్లే. మామూలు పాప్ రివెట్లు అల్యూమినియంవి కాబట్టి దుకాణంలో అడగకపోతే అవే చేతిలో పెడతారు.

ఇంకో కారణం వేడి. ఇనుము ఒక మీటరుకి ఒక డిగ్రీకి 0.012 మి.మీ. సాగుతుంది. అల్యూమినియం 0.023 మి.మీ., అంటే దాదాపు రెట్టింపు. రాత్రికీ మధ్యాహ్నానికీ టాపు రేకు 40 డిగ్రీలు మారితే, మీటరు పొడవు అతుకు దగ్గర ఈ రెండిటి మధ్య తేడా 0.44 మి.మీ. చూడటానికి వెంట్రుకవాసే. రోజూ అటూ ఇటూ లాగితే మాత్రం రివెట్టు కన్నం వదులవుతుంది, సీలెంట్ తెగుతుంది.

ఎక్కడ చుక్క పడుతోందో అక్కడే కన్నం ఉన్నట్టా?

కాదు, చాలాసార్లు కాదు. టాపు కింద రేకుని మోసే, ఒంపు తిరిగిన అడ్డ లోహపు పట్టీలు, అంటే ఛానెళ్లు ఉంటాయి. ముందు లైటు స్క్రూలోంచి దిగిన నీరు ఛానెల్ పట్టుకుని పక్కకి జారి, నిలువు పొడవునా పాకి, నాలుగు కిటికీల వెనక చుక్కగా పడుతుంది. బస్సు ఏ వైపుకి ఒరిగి ఉంటే అటు పోతుంది కూడా. అందుకే చుక్క పడ్డచోట పైన సీలెంట్ పూసి, "మళ్లీ కారుతోంది" అని అదే చోట మూడో పొర పూసేవాళ్లు కనిపిస్తారు. నీటి పరీక్ష ఎలా చేయాలో కింద చెప్పాం. అది చేయకుండా డబ్బా తెరవకండి.

ఎమర్జెన్సీ హాచ్ తీసేసి పూర్తిగా మూయాలి. వరసగా చెప్పండి.

బండిలో మనుషులు ప్రయాణం చేస్తారంటే హాచ్ మూయకండి. అది ప్రాణం కాపాడే దారి. బండి ఒకచోట నిలబడేదే అయితే, లేదా ఇద్దరు ముందు కూర్చుని నడిపే టిఫిన్ బండి అయి వెనక తలుపు ఎప్పుడూ తెరుచుకునేలా ఉంటే, అప్పుడు ఆలోచించవచ్చు.

కన్నం 600 × 600 మి.మీ. అనుకుందాం. హాచ్ ఫ్రేము బిగించిన బోల్టు కన్నాలు ఇంకా బయటికి ఉంటే కొలత వాటి బయటి అంచు నుంచి తీసుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. రేకు కోసి తెచ్చాక బోల్టు కన్నాలు బయటే మిగిలిపోతాయి. ప్రతి వైపూ 50 మి.మీ. మీదకి ఎక్కాలి కాబట్టి అతుకు 700 × 700. మందం 1 మి.మీ., జీఐ రేకు. నాలుగు మూలలూ 25 మి.మీ. గుండ్రంగా తిప్పండి. కోసుగా ఉన్న మూల ముందు లేస్తుంది, పైకెక్కినవాడి కాలికీ గుచ్చుకుంటుంది.

టాపు బల్లపరుపుగా ఉండదు, పక్కలకి ఒంపు ఉంటుంది. అతుకుని కూడా అదే ఒంపుకి రోలింగ్ చేయించాలి. దొడ్డ కాగితం అట్టని టాపు మీద నిలబెట్టి ఒంపు గీసుకుని వెళ్తే టింకరింగ్ షాపులో పది నిమిషాల పని. చదును రేకుని బలవంతాన ఒంచి రివెట్లు కొడితే అది ఎప్పుడూ తిరిగి లేవాలనే చూస్తుంది.

ఇప్పుడు పాత టాపు. పాత సీలెంట్ అంతా గీకేయాలి. మిగిలిన ముక్క మీద కొత్తది పట్టదు. కన్నం చుట్టూ 80 మి.మీ. దాకా గ్రైండరుకి వైర్ కప్పు వేసి తెల్ల లోహం కనిపించేదాకా తీయండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గణగణమంటే రేకు గట్టిది, చప్పగా మోగితే లోపల తుప్పు తినేసింది. చప్పగా మోగినంత మేరా కోసేయాల్సిందే, అతుకు పెద్దదైనా సరే. గుంటల్లో మిగిలిన తుప్పుకి రస్ట్ కన్వర్టర్, అది ఆరాక ఎపాక్సీ ప్రైమర్. అతుకు రేకు అడుగు వైపూ, కోసిన అంచులకీ కూడా ప్రైమర్ వేయాలి. జీఐ రేకుని కోసిన చోట జింకు ఉండదు. తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రైమర్ ఒక రాత్రి ఆరాక అతుకుని పొడిగా పెట్టి చూడండి. అంచు నుంచి 20 మి.మీ. లోపల గీత గీసి, ప్రతి 40 మి.మీ.కీ ఒక గుర్తు. లెక్క వేస్తే 66 రివెట్లు. 80 తెచ్చుకోండి. రివెట్టు 4.8 మి.మీ., డ్రిల్ బిట్ 4.9 లేదా 5. రేకు, రేకు, మధ్య సీలెంట్ కలిపి 3 మి.మీ. దాకా ఉంటుంది, ఆ మందం పట్టే పొడవు అడగండి. తప్పనిసరిగా మూసిన చివర ఉన్న రివెట్లే కావాలి. మామూలు రివెట్టు నడుమ మేకు తెగిన చోట సన్నని సందు ఉండి నీరు దిగుతుంది. ముందు నాలుగు వైపుల నడుమ నాలుగు కన్నాలు మాత్రం వేసి స్క్రూలతో ఆపి, మిగతావన్నీ రెండు రేకులకీ కలిపి ఒకేసారి వేయండి. అయ్యాక అతుకు తీసి, ప్రతి కన్నం అంచునీ పెద్ద బిట్‌తో ఒక్క తిప్పు తిప్పి గరుకు తీసేయాలి. ఆ గరుకు ఉంటే రెండు రేకులు దగ్గరికి చేరవు. తెరుచుకున్న లోహానికి ప్రైమర్ చుక్క, ఇనప రజను మొత్తం బ్రష్షుతో ఊడ్చేయడం. రజను మిగిలితే మర్నాటికి టాపంతా తుప్పు చుక్కలే.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడానికి రెండు గుడ్డలు. తడి గుడ్డతో తుడిచిన వెంటనే, ఆరకముందే, పొడి గుడ్డతో తీసేయాలి. ఆరనిస్తే జిడ్డు మళ్లీ అక్కడే కూర్చుంటుంది. పెట్రోలు, కిరసనాయిలు వద్దు, జిడ్డు పొర వదులుతాయి.

పీయూ (పాలియురిథేన్) సీలెంట్ 6 మి.మీ. లావు తీగలా, రివెట్ల గీతకి లోపల ఒక వరస, బయట ఒక వరస, ఎక్కడా తెగకుండా. అతుకు దించాక జరపకండి. నాలుగు నడుమ రివెట్లు కొట్టి, అక్కడి నుంచి మూలల వైపు, ఎదురెదురు వైపులు మార్చుకుంటూ వెళ్లండి. ఒక మూల నుంచి మొదలెట్టి చుట్టూ కొట్టుకుంటూ వస్తే చివరి మూల దగ్గర రేకు బుడగలా లేస్తుంది. ప్రతి రివెట్టు మొననీ సీలెంట్‌లో ముంచి కొట్టండి. చుట్టూ సీలెంట్ సమంగా బయటికి ఉబికితే పని కుదిరినట్టు. ఉబకని చోట గుర్తు పెట్టుకోండి, లోపల సందు ఉంది. చివరగా అంచు చుట్టూ 10 మి.మీ. ఏటవాలు పూత, మాస్కింగ్ టేపు పెట్టి గీసి, టేపు వెంటనే లాగేయాలి.

సీలెంట్ ఎంత? లోపలి రెండు వరసలకి 150 మి.లీ. దగ్గర, అంచుకి 140. అంటే 310 మి.లీ. ట్యూబు ఒకటి బొటాబొటీగా సరిపోతుంది. రెండు తెచ్చుకోండి. సగం పనిలో ట్యూబు అయిపోయి అమలాపురం పరుగెత్తి వచ్చేలోపు మొదటిది పైపొర కట్టేస్తుంది.

ఒకటి మిగిలింది. 600 మి.మీ. ఖాళీలో 1 మి.మీ. రేకు డబడబలాడుతుంది, కొన్నాళ్లకి కుంగి గుంట పడుతుంది, గుంటలో నీరు నిలుస్తుంది. అడుగున నడుమ 25 మి.మీ. చదరపు గొట్టం ఒకటి, అదే ఒంపులో, పక్క ఛానెళ్లకి బిగించి రేకుకి సీలెంట్‌తో అంటించండి.

రివెట్లెందుకు, వెల్డింగ్ చేయించేస్తే శాశ్వతం కదా?

పలచ రేకు మీద మామూలు ఆర్క్ వెల్డింగ్ అంటే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. రేకు వంకరపోతుంది, కాలి కొత్త కన్నాలు పడతాయి, వెల్డు రెండు వైపులా జింకు కాలిపోయి తుప్పు అక్కడే పుడుతుంది. మిగ్ వెల్డింగ్ ఉన్న మంచి పనివాడు చిన్న చిన్న టాకాలు వేసుకుంటూ చేయగలడు. అలాగైతే ముందు బ్యాటరీ తీగలు విప్పండి, ఆల్టర్నేటర్ పాడవకుండా. లోపలి స్పాంజి, సీలింగ్ తీసేయండి, నిప్పు అక్కడే అంటుకుంటుంది. జీఐ రేకు కాలిన తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందనే మాట నమ్మకండి, పొగ పీల్చకుండా మాస్కు, గాలి ముఖ్యం.

చిన్న స్క్రూ కన్నాలకి కూడా ఇంత తతంగమా?

లేదు. 6 మి.మీ. లోపు కన్నానికి శుభ్రం చేసి, ప్రైమర్ చుక్క వేసి, సీలెంట్‌లో ముంచిన మూసిన చివర రివెట్టు, లేదా రబ్బరు వాషరున్న స్టెయిన్‌లెస్ బోల్టు. అక్కడి నుంచి 25 మి.మీ. దాకా ఉంటే 60 మి.మీ. గుండ్రటి రేకు బిళ్ల, అడుగున సీలెంట్, నాలుగు రివెట్లు. సూది మొనంత కన్నాలు గుంపుగా ఉంటే అవి కన్నాలు కావు, రేకు చచ్చిపోయిందని అర్థం. కోసి అతుకు వేయండి.

ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్దతో కన్నం పూడ్చి లప్పం పెట్టి రంగేస్తే చూడముచ్చటగా ఉంటుంది. రాయిలా గట్టిపడుతుంది, అదే దాని లోపం. గతుకుల రోడ్డు మీద రేకు కదులుతుంది, అది కదలదు. చుట్టూ వెంట్రుక సందు విడిపోతుంది.

ఏ సీలెంట్ వాడాలి? సిలికాన్ చవక కదా?

కిటికీ అద్దాలకి వాడే, పులిసిన వాసన వచ్చే సిలికాన్ టాపు రేకు మీద వద్దు. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, అది జింకునీ ఇనుమునీ తింటుంది. పైగా సిలికాన్ మీద రంగు పట్టదు. దాని పలచ జిడ్డు ఒకసారి పాకిన చోట వేరే సీలెంట్ కూడా పట్టదు. అందుకే పాత బస్సులో ముందు ఎవరో సిలికాన్ పూసి ఉంటే, అది గీకడానికే సగం రోజు పోతుంది.

వాడాల్సింది పాలియురిథేన్, అంటే పీయూ. సికాఫ్లెక్స్ 221 లాంటివి బస్సు బాడీ పనికే చేసినవి. ఎంఎస్ పాలిమర్ కూడా బాగుంటుంది, ఎండకి పసుపెక్కడం తక్కువ. ఎప్పుడైనా విప్పాల్సిన వస్తువు కింద, అంటే ఫ్యాను ఫ్రేము, హాచ్ ఫ్రేముల కింద బ్యూటైల్ టేపు మేలు. అది ఎప్పటికీ గట్టిపడదు, తీయాలంటే వస్తుంది. పీయూ పెట్టి బిగించిన ఫ్రేముని తీయాలంటే కోయాల్సిందే. తారు, బిటుమెన్ పట్టీలు మే నెల ఎండకి కరిగి కారతాయి.

పీయూ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. కోనసీమ గాలిలో తేమకి కొదవా? రోజుకి సుమారు 3 మి.మీ. లోతు గట్టిపడుతుంది కాబట్టి 10 మి.మీ. పూతకి నాలుగు రోజులు ఇవ్వండి. అదే తేమ విప్పిన ట్యూబునీ గట్టిపరుస్తుంది. ముక్కులో పెద్ద మేకు దూర్చి టేపు చుట్టినా వారం కంటే నమ్మకండి. కొనేటప్పుడు తేదీ చూసి, ట్యూబుని నొక్కి చూడండి. గట్టిగా ఉంటే వదిలేయండి.

పూసిన సీలెంట్‌ని నునుపు చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి వేలితో రాయకండి. తుడవడానికి పనికొచ్చిన ఆ ద్రవమే ఆరని పీయూ మీద పడితే దాన్ని గట్టిపడనివ్వదు. ఐస్‌క్రీం పుల్ల చాలు.

ఏ నెలలో, ఏ వేళ చేయాలి?

సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి, మార్చి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం టాపు మీద చేయి పెట్టలేరు. కాలే రేకు మీద పూస్తే సీలెంట్ పైపొర క్షణాల్లో కట్టి, లోపల బుడగలు పడతాయి. చలికాలం ఉదయం ఎనిమిదింటి దాకా టాపు మంచుతో తడిగా ఉంటుంది. కంటికి పొడిగా కనిపించినా గుడ్డతో తుడిస్తే చెమ్మ తెలుస్తుంది. మంచు ఆరిన దగ్గర్నుంచి పదిన్నర లోపు, పైన ధాన్యం ఆరబోసే బరకం పందిరిలా కట్టుకుని చేయండి. మృగశిర దగ్గరపడ్డాక మొదలెట్టిన పని బరకం కిందే పూర్తవుతుంది.

హాచ్ ఉంచుకుంటాను. కారకుండా ఎలా?

ఫ్రేము విప్పి పాత రబ్బరు పారేయండి. పైకప్పు మట్టం నుంచి 30 మి.మీ. ఎత్తు గట్టు ఉండేలా రేకు చట్రం కట్టించి, దాని మీద హాచ్ కూర్చోబెట్టండి. పొలం గట్టు లాంటిదే, నీరు నిలబడినా లోపలికి పొంగదు. మూతకి 12 మి.మీ. డి ఆకారపు ఈపీడీఎం (ఎండవానలకి తట్టుకునే రకం) రబ్బరు, గొళ్లెం వేసినప్పుడు 8 మి.మీ.కి నలగాలి. కాగితం ముక్క పెట్టి మూత వేసి లాగండి. చుట్టూ ఎక్కడా ఊరికే ఊడి రాకూడదు. రబ్బరుకి ఇంజన్ ఆయిలు, గ్రీజు రాస్తే ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ గ్రీజు రాయండి. రబ్బరు అతుకు బండి వెనక వైపు రావాలి, ముందు వైపు కాదు. పరుగులో వాన కొట్టేది ముందు అంచునే.

మూత ఫైబర్‌దైతే కొబ్బరి చెట్టు కింద బండి పెట్టకండి. ఎండకి పెళుసైన ఫైబర్ మీద ఒక్క కొబ్బరి మట్ట పడితే చాలు.

టిఫిన్ బండికి పొగ గొట్టం పైకప్పులోంచి తీయాలి.

వీలుంటే పక్క గోడలోంచి తీయండి. కన్నం నిలువు గోడలో ఉంటే సగం బెంగ తీరినట్టే. పైకప్పులోంచే తప్పదంటే గొట్టం రేకుని తాకకూడదు. 100 మి.మీ. గొట్టానికి 200 మి.మీ. కన్నం, దాని చుట్టూ 75 మి.మీ. ఎత్తు రేకు గళ్లా (మెడలా పైకి నిలిచే గుండ్రటి గట్టు). గళ్లా అడుగు అంచుకి పీయూ, రివెట్లు, పైన చెప్పినట్టే. గొట్టానికి, గళ్లా కంటే కాస్త పైన, గొడుగు లాంటి కాలరు బిగించి, ఆ కాలరుకీ గొట్టానికీ మధ్య మాత్రం ఎర్రటి వేడి సిలికాన్ వాడండి. టాపు మీద సిలికాన్ సీలెంట్ పనికొచ్చే చోటు ఇదొక్కటే. పీయూ 90 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. గొడుగు కింద ఖాళీ తెరిచే ఉంటుంది, వేడి అందులోంచే పోతుంది, వాన గొడుగు మీంచి పోతుంది. నూనె పొగ పేరుకునే గొట్టానికి పైన టోపీ, లోపల జాలీ వారానికోసారి విప్పి కడగాలి. జాలీలో నూనె అంటుకుంటే పైకప్పు గురించి చింతించాల్సిన పనే ఉండదు, బండే ఉండదు.

సోలార్ ప్యానెల్ బిగిస్తే కొత్త కన్నాలేగా?

పాత క్యారియర్ బోల్టు కన్నాలు అడ్డ ఛానెళ్ల మీదే ఉంటాయి, అవే వాడుకోండి. వైరుకి ఒకే కన్నం, దానికి కేబుల్ గ్లాండు (వైరు చుట్టూ బిగుసుకుని నీరు దూరనివ్వని బిరడా). వైరు గ్లాండులోకి వెళ్లే ముందు కిందకి ఒక వంపు తిరగాలి, నీరు ఆ వంపు దగ్గర రాలిపోతుంది. ప్యానెల్ ముందు అంచు కింద గాలి దూరకుండా రేకు పట్టీ పెట్టండి. 1996 నవంబరు తుపానులో కొబ్బరి తోటలు నేలకొరిగిన సంగతి కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. ఆ గాలి నాలుగు స్క్రూలతో నిలబెట్టిన ప్యానెల్‌ని లెక్క చేయదు.

నీటి పరీక్ష ఎలా చేయాలి?

సీలెంట్ పూర్తిగా గట్టిపడ్డాక, ప్లైవుడ్, స్పాంజి వేయకముందు. తోటకి పెట్టే గొట్టం చాలు. ప్రెషర్ వాషర్ వద్దు, అది మంచి అతుకునీ చీల్చి తప్పుదారి పట్టిస్తుంది. ముందు పక్క కిటికీల మట్టం, తర్వాత టాపు అంచు అతుకులు, చివరికి నడుమ, అలా కింద నుంచి పైకి వెళ్లండి. పై నుంచి మొదలెడితే నీరు అన్నిటి మీదా పారి, ఏది కారిందో తెలియదు. ఒక్కో చోట 15 నిమిషాలు. లోపల మనిషి ఛానెళ్ల వెంట టాల్కం పొడి చల్లి, టార్చి పట్టుకుని ఉండాలి. పొడి మీద తడి గీత పడిన చోటు నుంచి ఎగువకి వెళ్తే అసలు కన్నం దొరుకుతుంది.

ఇంకో పద్ధతి ఉంది, మొండి కన్నాలకి. కిటికీలన్నీ మూసి, సందులకి టేపు వేసి, ఒక కిటికీలోంచి బ్లోయరుతో లోపలికి గాలి కొట్టండి. పైన సబ్బు నీళ్లు బ్రష్షుతో రాస్తే కన్నం ఉన్నచోట నురగ బుడగ లేస్తుంది.

పరీక్ష నెగ్గినా రెండు మూడు అసలు వానలు చూశాకే లోపల మూయండి. గొట్టం నీరు పై నుంచే పడుతుంది. ఈదురు గాలి వాన పక్క నుంచి, ఒక్కోసారి కింద నుంచి పైకి కొడుతుంది.

వాన లేదు, చలికాలం తెల్లవారుజామున మాత్రం చుక్కలు పడుతున్నాయి!

అది కారడం కాదు. లోపల పడుకున్నవాళ్ల ఊపిరి, వంట ఆవిరి చల్లని రేకు అడుగున చెమట పడుతున్నాయి. సాయంత్రం టాపు రేకు లోపలి వైపు అడుగు చదరం పాలిథిన్ షీటు నాలుగు వైపులా టేపు వేసి అంటించండి. తెల్లారి గది వైపు తడిగా ఉంటే ఆవిరి. రేకు వైపు తడిగా ఉంటే పైన వెతకాల్సిందే. ఆవిరికి మందు సీలెంట్ కాదు, రేకుకి సందు లేకుండా అంటిన ఇన్సులేషన్, గాలి ఆడే ఒక కిటికీ.

తెల్ల కూల్ రూఫ్ కోటింగ్ వేస్తే కన్నాలు కూడా మూసుకుంటాయంటున్నారు?

వేడి తగ్గుతుంది, అది నిజం. కన్నాలు మూయదు. అక్రిలిక్ కోటింగు నీరు నిలబడే గుంటలో మెత్తబడి లేస్తుంది. అతుకులు, అంచులు అన్నీ అయ్యాక, పీయూ గట్టిపడ్డాక, పైన రెండు మూడు కోట్లు వేయండి. ఒక కోటు పొడవునా వేస్తే మరొకటి అడ్డంగా వేయాలి.

అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో తేడా ఏమైనా ఉందా?

ఉంది. బోల్టులు 304 రకం కాదు, ఉప్పుకి ఎక్కువ తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ తీసుకోండి. రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్లు ఉప్పునీటి తుంపర లేపుతుంటాయి కాబట్టి అక్కడా ఇదే. వానలు లేని నెలల్లో పదిహేను రోజులకోసారి టాపుని మంచినీటితో కడగండి. వాన పడితే ఉప్పు కొట్టుకుపోతుంది, ఎండాకాలంలో పేరుకుపోతుంది.

పైకప్పు మారిస్తే ఆర్టీఓ దగ్గర ఏమైనా చేయాలా?

రోడ్డెక్కే బండయితే చేయాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడానికి అనుమతి కావాలి. స్కూల్ బస్సుని వేరే వాడకానికి మార్చడం, సీట్లు తీసేయడం, బాడీ మార్చడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. రేకు కోయకముందే వెళ్లి అడగండి. పసుపు రంగు, స్కూలు పేరు కూడా తీసేయాలి. లేకపోతే చూసినవాళ్లు పిల్లల బస్సే అనుకుంటారు.

అంతా అయ్యాక ఎన్నాళ్లకోసారి పైకెక్కి చూడాలి?

ఏటా రెండుసార్లు, మే మూడో వారంలో ఒకసారి, దసరా ముందు ఒకసారి. ఎక్కేటప్పుడు ఛానెళ్ల మీద అడ్డంగా పలక వేసి దాని మీదే నడవండి, పైన కరెంటు తీగ ఎంత ఎత్తులో ఉందో ముందు చూసుకోండి. సీలెంట్ అంచుని గోరుతో గీకండి. లేస్తే ఆ ముక్క మేర బ్లేడుతో కోసి తీసి, శుభ్రం చేసి కొత్తది పూయండి, పాతదాని మీద పూయకండి. హాచ్ గట్టు వెనక మామిడాకులు, కొబ్బరి పీచు చేరి ఉంటాయి, వాటిని తీసేయండి. ఆ కుళ్లిన ఆకుల కింద తడి నెలల తరబడి ఆరదు.